కొలెస్టరాల్‌కు కడుపు క్రిమి సాకు

సంపాదకుల వారికి,

కడుపులోని క్రిమిని చంపితే కొలెస్టరాల్ దానంతటదే దిగివస్తుందన్న ధోరణిలో గత వారం మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసాన్ని వైద్యులెవరైనా ఖండిస్తారని ఎదురుచూశాను. ఎవరూ ఖండించలేదు సరికదా, మా వీధి పెద్దాయన ఒకరు ఆ వ్యాసాన్ని కత్తిరించి, కొలెస్టరాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ మాత్రల స్ట్రిప్పుకు రబ్బరు బ్యాండుతో కట్టి తెచ్చి, "ఇంగ ఇవి నిలిపేయొచ్చు గదా సార్?" అని అడిగారు.

ఆ క్రిమి, అంటే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, సోకినవారిలో చెడు కొలెస్టరాల్ కొంత ఎక్కువగా, మంచి కొలెస్టరాల్ కొంత తక్కువగా ఉన్నట్టు పలు పరిశోధనల్లో కనిపించిన మాట నిజమే. అయితే అన్నిటిలోనూ కనిపించలేదు. చికిత్స తరువాత మంచి కొలెస్టరాల్ కాస్త పెరిగిందని కొందరంటే, చెప్పుకోదగ్గ తేడా లేదని మరికొందరు తేల్చారు. పేదరికం, తిండి అలవాట్లు, వయసు అటు క్రిమి సోకడాన్నీ ఇటు కొలెస్టరాల్‌నూ ప్రభావితం చేస్తాయి కనుక, రెండూ ఒకే మనిషిలో కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేము. ఆ క్రిమి మన కణాల పొరల్లోని కొలెస్టరాల్‌ను లాక్కుని, దానికి చక్కెరను జోడించి, రోగనిరోధక శక్తి కన్నుగప్పుతుందని ప్రయోగశాలల్లో తేలింది. అక్కడి నుంచి రక్తపరీక్ష చీటీలోని అంకెకు ఒక్క గంతులో చేరడం మీ వ్యాసకర్త సాహసం.

1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో వైద్యులు మార్షల్, వారెన్ ఈ క్రిమిని గుర్తించేవరకు కడుపు పుండ్లకు కారాన్నీ ఆందోళననూ తిట్టుకునేవాళ్లం; మన ఉగ్గాని బజ్జీకి ఆ నింద ఇంకా తప్పలేదు. 2005లో వారికి నోబెల్ వచ్చింది, సంతోషం. దాన్ని చూపి లోకంలోని రోగాలన్నీ ఈ క్రిమి నెత్తిన రుద్దడం ఏ శాస్త్రం?

ఈలోగా మన ఊళ్లో ఒక ల్యాబు "గుండె–కడుపు ప్యాకేజీ" అని బోర్డు కట్టేసింది. అందులో చేసేది, ఈ క్రిమిని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయా అనే పరీక్ష. జబ్బు నయమైన తరువాత కూడా అది చాలాకాలం పాజిటివ్ చూపుతుందని ల్యాబులో పనిచేసి రిటైరైన నాకు తెలుసు, వారికి తెలియదనుకోను. శ్వాస పరీక్షో మల పరీక్షో మేలు, అదీ కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ వంటి మాత్రలు వైద్యుల సలహాతో రెండు వారాలు ఆపిన తరువాత. ఆ పాజిటివ్ కాగితం పట్టుకెళితే, డాక్టరు చీటీ అడగకుండా యాంటీబయాటిక్స్ నాలుగు రోజులకు ఇచ్చే దుకాణాలకూ కొదవలేదు. సాధారణంగా 14 రోజులు వాడవలసిన మందును అలా మింగితే క్రిమి చావదు, మొండికేస్తుంది. తనిఖీ చేయవలసిన అధికారులు ఏ పండక్కి వస్తారో తెలియదు.

ఎక్కువమందికి చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచో కలుషితమైన నీరు, ఆహారం నుంచో ఈ క్రిమి సోకుతుందని వైద్యులు చెబుతారు. పాతబస్తీ సందుల్లో మంచినీటి గొట్టం మురుగుకాల్వలో మునిగి పోతుంటే, ఫిర్యాదు చేసిన ప్రతిసారీ "లైను మారుస్తాం" అనే జవాబే వస్తోంది. మీ పేజీ దాని గురించి రాసి ఉంటే ఎంత బాగుండేది!

నా లేఖకు చోటు లేకపోతే పోనీయండి. అటోర్వాస్టాటిన్ వంటి స్టాటిన్ మాత్రలను వైద్యుణ్ణి అడగకుండా మానవద్దని మాత్రం ఆ పేజీలోనే, అంత పెద్ద అక్షరాలతోనే, వచ్చే వారం వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
కర్నూలు