26వ వీధిలో మేకమాంసం

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో "మెక్సికన్ అంటే బీన్సూ చీజూ తప్ప ఏముందిరా, అంతా చప్పగా" అన్నావు చూడు, అప్పట్నుంచి నీకు రాయాలనే ఉంది. ఫోన్లో మొదలెడితే సగంలోనే ఆఫీసు గొడవల్లోకి వెళ్ళిపోతావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. పూర్తిగా చదువు.

నీ మాట కొట్టిపారేయను. డాలస్‌లో నీకు ఎక్కువగా దొరికేది టెక్స్‌మెక్స్. పసుపు రంగు చీజు, గోధుమ టోర్టియా (వాళ్ళ రొట్టె), జీలకర్ర దట్టించిన గ్రేవీ. అది టెక్సస్‌లో పెరిగిన వంట, దాని రుచి దానిది. కానీ అది తిని మెక్సికో మొత్తం చప్పన అంటే ఎలా ఒప్పుకోను? అక్కడ రాష్ట్రానికో వంట, ఊరికో కారం.

ఇక్కడ షికాగోలో మా ఇంటికి దగ్గరే లిటిల్ విలేజ్ అని మెక్సికన్ పేట ఉంది. అందులో 26వ వీధిలో ఒక చిన్న హోటల్. మెక్సికోలోని హాలిస్కో రాష్ట్రం నుంచి వచ్చిన కుటుంబం నడుపుతోంది. బల్లల మీద పూల ప్లాస్టిక్ గుడ్డలు, మూలన టీవీలో ఫుట్‌బాల్. ఆదివారం పొద్దున్నే చర్చి నుంచి తిన్నగా వచ్చేస్తారు, అమ్మమ్మల దగ్గర్నుంచి చంటిపిల్లల దాకా. మెనూ ఉంది గానీ ఎవరూ దాని వంక చూడరు. అందరూ చెప్పేది ఒకటే, బిర్రియా.

అంటే మేకమాంసం బావా! ఇండియన్ స్టోర్లో గడ్డకట్టిన ముక్కలు తెచ్చుకుని గంటలకొద్దీ ఉడికించుకునే మనకి, ఎముకతో సహా మెత్తగా ఉడికిన మేకమాంసం పళ్ళెంలో పెట్టి ఇచ్చే చోటు దొరికితే ఇంకేం కావాలి. ఎండుమిరపకాయలు వేయించి, నానబెట్టి, వెల్లుల్లి, వెనిగర్, జీలకర్ర, లవంగం, దాల్చినచెక్క వేసి మెత్తగా నూరతారు. ఆ ముద్ద మాంసానికి పట్టించి, మూత చుట్టూ ఆవిరి పోకుండా పిండితో మూసేసి, సన్నటి సెగ మీద వదిలేస్తారు. వాడే మిరప ముఖ్యంగా గ్వాహియో, మన బ్యాడగి మిరపలాగా రంగు ఎక్కువ, కారం తక్కువ. కారం కావాలంటే బల్ల మీద ఆర్బోల్ అనే ఘాటు మిరపకాయల సాల్సా, అంటే పచ్చడి, ఉంటుంది. నువ్వు దాని జోలికి వెళ్ళాక చప్పగా ఉందని అను, చూస్తాను.

పళ్ళెం పక్కనే చిన్న గిన్నెలో పులుసు ఇస్తారు, కాన్సొమే అంటారు. పైన ఎర్రటి నూనె తేలుతుంటుంది. సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర వేసుకుని నిమ్మచెక్క పిండుకుని ముందు ఆ పులుసు ఒక గుక్క తాగాలి. తర్వాతే మాంసం. "కోన్ వేసో" అని చెబితే ఎముకతో ఇస్తారు, అలాగే చెప్పు.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే, ఆ గిన్నెలో ఎన్ని దేశాలున్నాయో. మేకలూ లవంగాలూ స్పెయిన్ వాళ్ళ ఓడల్లో మెక్సికో చేరాయి. మిరప మాత్రం అక్కడిదే. పోర్చుగీసు వాళ్ళు 16వ శతాబ్దంలో తెచ్చిపెట్టేదాకా మన దగ్గర కారం అంటే మిరియాలూ పిప్పళ్ళే. అందుకే ఆ పులుసు నోట్లో పడగానే నాకు పరాయి తిండి అనిపించదు.

ఇక టోర్టియా సంగతి. వంటగది కిటికీ దగ్గర ఒక పెద్దావిడ నిలబడుతుంది. మొక్కజొన్న పిండి ముద్ద తీసుకుని, రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి మరచెక్కతో ఒక్క నొక్కు నొక్కి, పెనం మీద వేస్తుంది. అంచు లేవగానే వేళ్ళతోనే తిప్పుతుంది. రెండోసారి తిప్పి వేలితో మధ్యలో తడితే పొంగుతుంది. అలా పొంగినవి గుడ్డలో చుట్టి మన బల్ల మీదకి పంపిస్తుంది. మొక్కజొన్న పిండి ఊరికే నీళ్ళతో కలిపితే అలా సాగదు. గింజల్ని సున్నం నీళ్ళలో ఉడికించి రాత్రంతా నానబెడతారు. కిళ్ళీలో వేసుకునే సున్నమే అది. పొట్టు ఊడిపోతుంది, పిండికి జిగురొస్తుంది, గింజలోని నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. యూరప్ వాళ్ళు మొక్కజొన్న పట్టుకెళ్ళారు గానీ ఈ సున్నం పద్ధతి పట్టుకెళ్ళలేదు. ఉత్తర ఇటలీలో పేదవాళ్ళు అదే తిని, నయాసిన్ అందక పెలగ్రా జబ్బుతో పోయారు. మెక్సికోలో వేల ఏళ్ళుగా ఆ ఆడవాళ్ళ చేతుల్లో ఉన్న తెలివి అది. 2010లో యునెస్కో మెక్సికో వంటని వారసత్వ జాబితాలో చేర్చిందంటే నాకైతే న్యాయమే అనిపించింది.

చెల్లెమ్మ శాకాహారం కదా, తన గురించి కూడా అడిగాను. బీన్స్‌లో చాలాచోట్ల పందికొవ్వు వేస్తారు, అన్నం కోడి పులుసుతో వండుతారు. అందుకని ఎక్కడికెళ్ళినా "మాన్తేకా", అంటే పందికొవ్వు, ఉందా అని అడగమను. ఇక్కడ తనకి గుమ్మడిపువ్వులు పెట్టి మడిచి కాల్చిన టోర్టియా, కేసడియా, ఉంది, నొపాలెస్ అని ముళ్ళు తీసిన నాగజెముడు వేపుడు ఉంది. తాగడానికి హమైకా చెప్పుకోవచ్చు. మన గోంగూర జాతి మొక్క పూల కింది ఎర్రటి తొడుగులు ఎండబెట్టి కాచి, చల్లార్చి, పంచదార కలుపుతారు. ఎర్రగా, పుల్లగా ఉంటుంది. తనకి నచ్చుతుంది, నాది పూచీ.

శనివారం రాత్రికల్లా దిగేలా టికెట్లు చూడు. ఆదివారం మధ్యాహ్నానికి మేకమాంసం అయిపోతుంది, తొమ్మిదిన్నరకల్లా మనం బల్ల దగ్గర ఉండాలి. బుక్ చేయగానే మెసేజ్ పెట్టు. పాపకి ముద్దులు.

నీ
బావ