లోను రాలేదని రాశావు కదా

ఒరేయ్,

నీ ఉత్తరం నిన్న రాత్రి చదివాను. "మనలాంటివాళ్ళకి సొంతిల్లు రాసిపెట్టి లేదేమోరా" అని చివర్లో రాశావు చూడు, అది చదివాక నిద్ర పట్టలేదు. నీ మీద జాలితో కాదు, అచ్చంగా ఇదే మాట నాలుగేళ్ళ కిందట నేను మీ చెల్లెమ్మతో అన్నాను. ఇప్పుడు ఆ సొంతింట్లోనే కూర్చుని నీకిది రాస్తున్నాను. సొంతిల్లు అంటున్నానే గానీ ఇంకో 18 ఏళ్ళు ఇది తనఖాలోనే ఉంటుందనుకో.

నాకు లోను రాలేదన్న సంగతి అప్పట్లో నీకు పూర్తిగా చెప్పలేదు. సిగ్గేసింది. ఇల్లు కట్టి చూడు అన్న పెద్దవాళ్ళు లోనుకు అప్లై చేసి చూడు అని ఎందుకనలేదో గానీ, ఆ రోజు ఆ ఆఫీసరు నా ఫైలు మూసి, దాని మీద అరచెయ్యి పెట్టి, "మీ హిస్టరీ బాలేదండీ" అన్నాడు. నేనేదో కేసుల్లో ఇరుక్కున్నవాడిలా. జీతం బాగానే ఉంది, కాగితాలన్నీ ఉన్నాయి. హిస్టరీ ఏమిటయ్యా అంటే క్రెడిట్ రిపోర్టు చూసుకోండి అన్నాడు, అంటే మన అప్పులూ వాటిని కట్టిన తీరూ రాసుండే చిట్టా.

నువ్వూ మొదట చెయ్యాల్సింది అదే. నీ రిపోర్టు నువ్వు చూసుకుంటే స్కోరు, అంటే ఆ చిట్టా చూసి మనకి వేసే మార్కులు, తగ్గదు, ఆ భయం వద్దు. స్కోరు మీద పడేది అప్పిచ్చేవాళ్ళు చూసినప్పుడు. అందుకే ఒకచోట కాదన్నారని కోపంతో ఆ వారమే ఇంకో నాలుగు చోట్ల అప్లై చేశానని రాశావే, అది ఆపెయ్. ప్రతి ఎంక్వైరీ అందులో ఎక్కుతుంది. చూసేవాడికి 'ఇతనికి డబ్బు అవసరం చాలా గట్టిగా ఉన్నట్టుంది' అనిపిస్తుంది.

నా రిపోర్టు ప్రింట్ తీసుకుని ఆ రాత్రి ముందేసుకున్నాను. ఒక్కో అప్పుకీ ఒక్కో వరుస, వరుసలో నెలకో గడి, గడిలో ఆ నెల ఎన్ని రోజులు ఆలస్యమైందో అంకె. 0, 0, 0, 0 అని పోతూ పోతూ ఒకచోట 30, తర్వాత 60. ఆ నెల చూడగానే గుర్తొచ్చింది. ఉద్యోగం మారాను, జీతం పడే ఖాతా మారింది, ఈఎంఐ మాత్రం పాత ఖాతా నుంచే వెళ్తోంది. అందులో డబ్బుల్లేవు. నా మతిమరుపే రా, డబ్బు లేక కాదు. కానీ ఆ గడికి కారణం అక్కర్లేదు, అంకె చాలు.

అంతకంటే పెద్ద దెబ్బ క్రెడిట్ కార్డుది. బిల్లు పేరుకుపోయింది, రోజూ ఫోన్లు. చివరికి ఒకతను "సగం కట్టెయ్యండి సార్, సెటిల్ చేసేద్దాం" అన్నాడు. నేను పీడ విరగడైందని కట్టేసి వచ్చాను. రిపోర్టులో 'సెటిల్డ్' అని ఉంది. అంటే పూర్తిగా తీర్చాడని కాదు, రావాల్సింది రాక వచ్చినకాడికి తీసుకుని వదిలేశాం అని. ఇల్లు కొనేందుకు అప్పడగబోయేవాడికి ఇంతకన్నా చెడ్డ మాట ఎగ్గొట్టాడు అన్నదొక్కటే. ఇప్పుడు నీకూ అలాంటి ఫోన్లు వస్తున్నాయన్నావు. చేతిలో ఉంటే మొత్తం కట్టి 'క్లోజ్డ్' అనిపించుకో. లేకపోతే వాయిదాలు అడుగు, తగ్గింపు అడక్కు. నేను ఆ మిగతా సగం తర్వాత కట్టి, ఇక బాకీ ఏమీ లేదని నో డ్యూస్ లెటర్ తీసుకుని, రిపోర్టులో మార్పించుకోవడానికి నాలుగు నెలలు తిరిగాను.

మూడోది నా తప్పే కాదు. ఎప్పుడో తీర్చేసిన చిన్న అప్పొకటి ఇంకా బాకీ ఉన్నట్టు చూపిస్తోంది. బీరువాలో పాత కవర్లన్నీ దులిపితే దాని రసీదు దొరికింది. అది పెట్టి అభ్యంతరం రాస్తే తీసేశారు. రిపోర్టుల్లో తప్పులుంటాయి, వాటిని మనం చెప్తే తప్ప ఎవరూ దిద్దరు.

ఇక మా చిన్నాన్న కొడుకు బండి లోనుకు పెట్టిన హామీ సంతకం. వాడు కట్టని నెలలు నా రిపోర్టులో కూడా కూర్చున్నాయి. చివరి వాయిదాలు నేనే కట్టాను. దాని గురించి రాస్తే బీపీ పెరుగుతుంది, వదిలెయ్.

ఈ స్కోరు అనేదాని పుట్టుక కూడా అప్పుడే చదివాను. అమెరికాలో ఫెయిర్ అనే ఇంజినీరు, ఐజాక్ అనే గణితవేత్త 1956లో పెట్టిన కంపెనీ అట. ఆ కంపెనీదే, ఇప్పుడందరూ ఫైకో స్కోరు అనేది 1989లో వచ్చింది, 300 నుంచి 850 దాకా. మన దేశంలో బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు అయితే 900 దాకా. ఎక్కడైనా లోపలి లెక్క ఇంచుమించు ఒకటే. ఫైకో వాళ్ళు బయటికి చెప్పిన ప్రకారం 35 శాతం టైముకి కట్టామా లేదా అన్నది, 30 శాతం ఎంత బాకీ ఉన్నామన్నది. ఈ రెంటికే మూడింట రెండొంతులు పోయింది. మిగతావన్నీ చిల్లర.

అందుకే నేను ఆ రెండే పట్టుకున్నాను. ఈఎంఐలన్నీ జీతం పడే ఖాతాకి మార్చాను. కొత్త కార్డు ఎవరూ ఇవ్వరు కాబట్టి డిపాజిట్ పెట్టి దాని మీద చిన్న కార్డు తీసుకున్నాను. నెలకి దాని లిమిట్‌లో పావు వంతు కూడా వాడకుండా, బిల్లు మొత్తం కట్టేవాణ్ణి. మధ్యలో ఒక తెలివితక్కువ పని కూడా చేశాను. కార్డులంటేనే విరక్తి పుట్టి, ఏ బాకీ లేని పాత కార్డొకటి క్లోజ్ చేశాను. స్కోరు ఇంకాస్త దిగింది! ఆ లిమిట్ పోయేసరికి, ఉన్నదాంట్లో ఎక్కువ వాడుతున్నట్టు లెక్క తేలింది మరి. నువ్వు ఆ పని చెయ్యకు.

ఈలోగా ఒకాయన తగిలాడు, కొంత ముట్టజెబితే నెల రోజుల్లో స్కోరు పెంచుతానని. నిజంగా జరిగిన ఆలస్యాన్ని రిపోర్టులోంచి చెరిపే మంత్రం ఎవరి దగ్గరా లేదు. నీ దగ్గరికీ వస్తారు. తలుపు తియ్యకు.

ఇంకోచోట లోను ఇస్తామన్నారు కూడా, కాకపోతే వడ్డీ 2 శాతం ఎక్కువ. రెండే కదా అనిపిస్తుంది. కూర్చుని లెక్క వేశాను. 20 ఏళ్ళకి 8 శాతం అయితే, తీసుకున్న ప్రతి నూటికీ మొత్తం మీద దాదాపు 201 కడతాం. 10 శాతం అయితే దాదాపు 232. ఆ లెక్క చూశాక మీ చెల్లెమ్మే కాగితం మడిచి, "ఆగుదాం" అంది. ముందు ఆ లోను తీసుకుని, స్కోరు బాగుపడ్డాక తక్కువ వడ్డీ చోటికి మారేవాళ్ళూ ఉన్నారు. అది తప్పని అనను. కానీ ముందే తీర్చేస్తే జరిమానా ఉందేమో, మారడానికి మళ్ళీ ఎన్ని ఫీజులో చూసుకోకుండా దిగితే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

ఆగిన ఆ 20 నెలలూ ఊరికే పోలేదు. డౌన్ పేమెంట్ కూడబెట్టాం. ఇల్లు తనఖా ఉన్నా అప్పిచ్చేవాళ్ళకెందుకింత భయం అనుకునేవాణ్ణి. వేలం దాకా వెళ్ళడమంటే వాళ్ళకీ ఖర్చు, కాలం. అదే మనం ఇంటి ధరలో 10 శాతం బదులు 25 పెట్టామనుకో, ధర కాస్త పడిపోయినా వాళ్ళ అసలు వస్తుంది. మచ్చ ఉన్న మనలాంటివాడికి ఆ పెద్ద మొత్తమే గట్టి సిఫార్సు.

రెండోసారి అప్లికేషన్‌తో పాటు ఒక పేజీ ఉత్తరం జతచేశాను. ఏ నెల ఎందుకు ఆలస్యమైందీ, తర్వాత ఏం చేశానన్నదీ, పక్కన కాగితాల నకళ్ళు. ఏడుపులూ బతిమాలుకోవడాలూ లేవు. ఈసారి ఆఫీసరు వేరే ఆవిడ. అది పూర్తిగా చదివి, ఉద్యోగం మారిన నెల జీతం స్లిప్పు అడిగింది, అంతే.

ఇద్దరి పేరుతో అప్లై చేస్తే సులువా అని అడిగావు. ఆదాయం కలుస్తుంది, నిజమే. కానీ రిపోర్టులూ ఇద్దరివీ చూస్తారు. మా చెల్లెమ్మది, అదే మీ ఆవిడది, బాగుందని నీది చూడకుండా వదిలెయ్యరు.

నీ రిపోర్టు తీసుకుని, సున్నా కాని గడులన్నీ ఎర్ర పెన్నుతో చుట్టి, పక్కన ఏం జరిగిందో రాసి నాకు పంపు. ఆదివారం నింపాదిగా చూసి ఫోన్ చేస్తాను. అన్నట్టు ఆ బండి లోను సంగతి పిన్ని దగ్గర ఎత్తకు. కొడుకే అంతా కట్టాడని ఆవిడ ఇంకా అందరికీ చెప్పుకుంటోంది.

నీ,
పాత బాకీదారు