ఈత ఆపినా ఈ సొరకు ఊపిరాడుతుంది

సంపాదకులకు,

సొరచేప ఈదడం ఆపితే చచ్చిపోతుందన్న మాట వార్తల్లో, పాఠాల్లో ఇంకా కనిపిస్తోంది. తెల్ల సొర, మాకో లాంటి కొన్నింటికే అది వర్తిస్తుంది. దయచేసి జాతి పేరు చెప్పి రాయండి. పగడపు దిబ్బల అడుగున ఉండే చిన్న సొరలు నోటితో నీళ్లు పీల్చి మొప్పల గుండా తోసుకుంటూ కదలకుండా పడుకోగలవు. ఇది తెలియక కొత్త డైవర్లు వాటికి జబ్బు చేసిందనుకుని తోక పట్టి లాగుతారు. డైవర్లు గాయపడేది అప్పుడే.

ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో, న్యూ గినియా దక్షిణాన ఉండే ఎపాలెట్ సొరనే తీసుకోండి. పొడవు సుమారు మీటరు, అందులో తోకదే పెద్ద వాటా. రొమ్ము రెక్కల పైన తెల్ల అంచున్న పెద్ద నల్లమచ్చే గుర్తు. పిల్లలకు అడ్డపట్టీలు ఉంటాయి కాబట్టి వేరే జాతి అనుకుంటారు.

రాత్రి సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ దిబ్బ పైన నీళ్లు మడుగులుగా మిగిలిపోతాయి. వెలుతురు లేక పగడాల్లోని నాచు ఆక్సిజన్ తయారు చేయదు. ప్రాణులన్నీ ఉన్నదాన్ని వాడేస్తాయి. అప్పుడీ సొర గుండె వేగాన్ని, శ్వాసను తగ్గించి, మెదడు పనిని కొంత ఆపుకుని నిలుస్తుంది. ప్రయోగాల్లో ఆక్సిజన్ లేని నీటిలో దాదాపు గంట తట్టుకుంది. నీరు మరీ తగ్గితే నాలుగు రెక్కల మీద నడిచి పక్క మడుగు చేరుతుంది. ఇంత చిన్న ప్రాణికి ఇంత ఓర్పు ఉండడం నిజంగా అబ్బురం.

దీన్ని చూడాలనుకునే డైవర్లు పగలు బల్లలా పరుచుకున్న పగడాల కింద వెతకండి. తల దాచుకుని తోక బయట వదిలేస్తుంది, కాబట్టి తోక కోసమే చూడాలి. మునగడానికి నడుముకు కట్టుకునే బరువులు ఎక్కువైతే అడుగుకు దిగిపోతారు, కాళ్లకు తొడుక్కునే ఫిన్ల తాకిడికి ఇసుక లేచి ఏమీ కనపడదు. ముందే బరువు సరిచూసుకుని, మోకాళ్లు వంచి, ఫిన్లు పైకెత్తి కప్పలా తన్నండి. రెండు మీటర్ల దూరంలో, అది బయటికొచ్చే దారి వదిలి ఆగండి. టార్చి కళ్లలోకి కాక పక్క ఇసుక మీద వేస్తే చాలు. పట్టు కోసం దిబ్బ మీద చెయ్యి వేయకండి: రాయిలా కనిపించే స్టోన్‌ఫిష్ వెన్నుముళ్లలో విషం ఉంటుంది. మూతి చుట్టూ కుచ్చులుండే వాబెగాంగ్ సొరను తొక్కితే కరుస్తుంది, పట్టు ఓ పట్టాన వదలదు.

ఎపాలెట్ సొర ఒక్కోసారి రెండు గుడ్లే పెడుతుంది. సుమారు 10 సెంటీమీటర్ల గోధుమరంగు తొడుగులో పిల్ల నాలుగు నెలలు పెరుగుతుంది. నీరు 31 డిగ్రీలకు చేరితే పిల్లలు ముందే, చిన్నవిగా బయటికొస్తున్నాయని పరిశోధనల్లో తేలింది. అందుకే తొడుగు కనిపిస్తే ఖాళీదే అనుకుని జేబులో వేసుకోకండి. ఫొటో తీసుకుని ఉన్నచోటే వదిలేయండి.

ఇట్లు,
కొందరు స్కూబా డైవింగ్ శిక్షకులు