పోటీ లేని ఊరికి నజరానా ఎందుకు?

సంపాదకులు గారికి,

ప్రజాస్వామ్యం ఇంకెన్నాళ్లు నిలుస్తుందని పెద్దలు రాస్తున్న వ్యాసాలన్నీ ఢిల్లీ చుట్టూనే తిరుగుతున్నాయి. మా కడప జిల్లా పల్లెల్లో మాత్రం పోటీదారులను బెదిరించి తప్పించి పంచాయతీలను ఏకగ్రీవం చేసేస్తుంటే, ఆ సంగతి నామినేషన్ల ఉపసంహరణ రోజు మధ్యాహ్నం 3 గంటలకల్లా తేలిపోతోంది.

పంచాయతీ ఎన్నికల్లో నామినేషన్ తిరస్కరిస్తే అప్పీలు ఉంది. ఉపసంహరణకు అప్పీలు లేదు, ఇచ్చిన కాగితాన్ని వెనక్కి తీసుకునే వీలూ లేదు. బెదిరించేవాళ్లకు ఇది బాగా తెలుసు. పత్రాలు లాక్కుని చించితే కేసవుతుంది. పరిశీలనలో కొట్టించాలంటే అధికారిని పట్టుకోవాలి. అభ్యర్థి చేతే సంతకం పెట్టిస్తే ఏ గొడవా ఉండదు. అతను రాకపోయినా, రాసిచ్చిన అధికారంతో ప్రతిపాదకుడు తెచ్చిచ్చినా చెల్లుతుంది. అసలు నామినేషన్ దాకానే రానివ్వని దారులు వేరే ఉన్నాయి: పన్ను బకాయి లేదన్న కాగితం ఆఖరి రోజు దాకా చేతికి రాదు, కుల ధ్రువీకరణ పత్రం ఆలస్యమవుతుంది, ప్రతిపాదించినాయన ఆ సంతకం నాది కాదంటాడు.

ఒక్కరే మిగిలితే గెలుపు పత్రం రాసిచ్చేస్తారు. ఆ తర్వాత చేయగలిగింది చాలా తక్కువ. 2020 నాటి ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఏకగ్రీవాలపై రాష్ట్ర ఎన్నికల సంఘం విచారణకు దిగితే, ఫారం-10 (గెలుపు పత్రం) ఇచ్చేసిన చోట ఆ అధికారం సంఘానికి లేదని 2021 మార్చిలో హైకోర్టు చెప్పింది. రాజ్యాంగంలోని 243-ఓ అధికరణ ప్రకారం మిగిలేది, గెలుపును సవాలు చేసే ఎన్నికల పిటిషనే. భయపడి తప్పుకున్న మనిషి, అదే ఊళ్లో కాపురం ఉంటూ, తన భయాన్ని సాక్షులతో రుజువు చేయాలన్నమాట.

ఇలాంటి ఏకగ్రీవానికి ప్రభుత్వమే బహుమతి పెడుతోంది. 2020 మార్చి జీవో ప్రకారం 2 వేల లోపు జనాభా ఉన్న పంచాయతీకి 5 లక్షలు, 5 వేల లోపైతే 10 లక్షలు, 10 వేల లోపైతే 15 లక్షలు, ఆపైన 20 లక్షలు. ఇది ఒక పార్టీ కనిపెట్టిందేమీ కాదు, గుజరాత్‌లో 'సమరస్' పేరుతో 2001 నుంచీ ఉంది. లెక్క వేసి చూడండి. 2 వేల మంది ఉన్న ఊళ్లో తలకు 250 రూపాయలు. ఐదేళ్లకు పంచితే ఏడాదికి యాభై. ఓటు కొనడానికి వచ్చినవాడు కూడా ఇంత తక్కువ రేటు చెప్పడు!

పోయేది ఒక్క పోలింగే కాదు. మన చట్టంలో ఉపసర్పంచ్‌పై అవిశ్వాసం పెట్టొచ్చు గానీ, సర్పంచ్‌పై పెట్టే వీలు లేదు. వార్డులూ రాజీలోనే పంచుకుంటే తీర్మానాల పుస్తకంలో అభ్యంతరం రాయించే సభ్యుడు ఒక్కడూ ఉండడు, ఓచర్లు చూపించమని అడిగేవాడూ ఉండడు. సగం స్థానాలు మహిళలవి. రచ్చబండ దగ్గర పేరు ఖాయం చేసే పెద్దలు ఏ ఆడమనిషిని ఎంచుతారో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో నష్టం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. రెండు మూడు దఫాలు ఓటింగే జరగని ఊళ్లో ఏజెంటు పని తెలిసిన మనుషులే మిగలరు. పోలింగుకు ముందు ఖాళీ పెట్టె చూపించమని అడగడం, సీలు నంబరు రాసుకోవడం, దొంగ ఓటని అనుమానమొస్తే ఛాలెంజ్ చేయడం, తన ఓటు ఎవరో వేసేశారన్న మనిషికి టెండరు ఓటు ఇప్పించడం, ఇవన్నీ చేస్తేనే వచ్చే పనులు. గతసారి ఏకగ్రీవమైన పులివెందుల జెడ్పీటీసీకి 2025 ఆగస్టు 12న ఉప ఎన్నిక పెడితే, రెండు పోలింగ్ కేంద్రాల్లో మర్నాడే రీపోలింగ్ జరపాల్సొచ్చింది. పోటీ అలవాటు తప్పిన చోట పోటీ ఇలాగే ఉంటుంది. తప్పు ఎవరిదన్నది పార్టీలు తేల్చుకోనీ.

పల్లెల గొడవే కదా అని తీసిపారేయడానికి లేదు. 2024లో సూరత్ లోక్‌సభ స్థానంలో ప్రతిపాదకులు సంతకాలు తమవి కావన్నారు, కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ పోయింది, మిగతావాళ్లు తప్పుకున్నారు. లక్షల మంది ఓటర్లకు వేలికి సిరా అంటలేదు. మన ఊళ్లలో నడిచే పద్ధతే అది!

ఎన్నిక పెడితే తలలు పగులుతాయి, రాజీనే మేలన్న మాట సీమలో కొట్టిపారేసేది కాదు. ఆ భయంలో నిజం ఉంది. కానీ ఊరంతా కూర్చుని నిజంగా ఒప్పుకున్న రాజీకి డబ్బు ఆశ చూపాల్సిన పనేముంది? తలలు పగిలే ఊరికి కావాల్సింది పోలీసు బందోబస్తు.

ఉపసంహరణ కాగితాన్ని అభ్యర్థే స్వయంగా వచ్చి, ఎవరూ వెంట లేకుండా, కెమెరా ముందు ఇవ్వాలి. నామినేషన్లు ఆన్‌లైన్‌లోనూ తీసుకోవాలి. ఒక్కరే మిగిలిన చోట కూడా బ్యాలెట్ వేయాలి: ఆ అభ్యర్థి గుర్తు, కింద నోటా. నోటాకు ఎక్కువొస్తే మళ్లీ నోటిఫికేషన్. దీనికి పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించాలి, అసెంబ్లీ కూర్చోవాలి. నజరానా ఎత్తేయడానికి మాత్రం ఇంకో జీవో చాలు.

— విశ్రాంత పంచాయతీ ఉద్యోగి, ప్రొద్దుటూరు