‘బియ్యం మూట’ మాటకు ఒక జవాబు

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పేజీలో వచ్చిన ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. యేసు అనే మనిషే పుట్టలేదని, పుట్టాడనుకున్నా చనిపోయి లేవడం కట్టుకథని, ఇక మన పల్లెల్లో ఉన్న క్రైస్తవులంతా బియ్యం మూటకు మతం మారినవాళ్ళేనని ఒకే ఊపులో మూడు మాటలు అనేశారు. మొదటి రెండూ ప్రశ్నలు. అడగాల్సిందే, జవాబు చెప్పుకోవాల్సింది మేమే. మూడోది తిట్టు. ఆ తిట్టు వినగానే మావాళ్ళు కోపమో సిగ్గో తెచ్చుకుని ఊరుకుంటున్నారు గానీ లెక్క విప్పి చెప్పడం లేదు. నేను లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ణి, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

1876లో మొదలైన ధాత కరువు గురించి మా ప్రకాశం జిల్లా పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పుడు ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో క్లౌ దొర ఉండేవాడు. మతబోధకు రాకముందు సర్వేయరు పని నేర్చినవాడు. బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, తవ్వినవాళ్ళకు కూలి ఇచ్చి వేలమందిని బతికించాడు. ఇంతవరకే చెప్పి ఆపేస్తే ‘చూశారా, మూట!’ అనొచ్చు. కానీ ఆ కరువు సాయం నడిచినన్నాళ్ళూ, అంటే ఏడాదికి పైగా, ఎందరు వచ్చి అడిగినా ఆయన బాప్తిస్మం, అంటే నీళ్ళలో ముంచి మతంలో చేర్చుకోవడం, ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం ఆగిపోయాక, ఇక మా దగ్గర డబ్బు లేదు వెళ్ళిపొండి అన్నా జనం కదల్లేదు. కాయలు కాచిన చేతులు చూపించి, పని చేసుకునే బతికాం, ఇక మీదటా అలాగే బతుకుతాం, చచ్చినా క్రైస్తవులుగా చస్తాం అన్నారని ఆయనే రాసుకున్నాడు. 1878 జులై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మూట కోసమే అయితే మూట ఉన్నప్పుడే మునిగేవాళ్ళు కదండీ.

ఆకలివేళ ఆదుకున్నవాడి మీద అభిమానం పని చేయలేదా అంటే, చేసే ఉంటుంది. జ్వరంతో పడుకున్నప్పుడు గంజి కాచి ఇచ్చినవాళ్ళ మాట మనమూ చెవిన పెడతాం, దాన్ని అమ్ముడుపోవడం అనం.

మారాక ఏం వచ్చిందో మా ఇంటి సంగతే చెప్తాను. మా తాతకు తాత ఆ రోజుల్లో మారినవాడే. అప్పట్లో మారేవాళ్ళకు మూడు కట్టుబాట్లు, ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. జాతరకు డప్పు కొట్టడం మానేశాడు కాబట్టి ఊరికి ఆయనతో పని లేకుండా పోయింది. కుప్ప నూర్చిన రోజు చాట పట్టుకుని కళ్ళం గట్టున నిలబడ్డాడట. వరసగా అందరికీ మేర, అంటే ఊరి పని చేసినందుకు పంటలో ఇచ్చే వాటా, కొలిచి, ఈయన దగ్గరికి వచ్చేసరికి గింజలు కొలిచే మానిక బోర్లించేశారు. డప్పు లేనివాడికి మేరేంటన్నారు. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా మొండిచెయ్యి చూపిస్తే ‘మానిక బోర్లించాడ్రా’ అంటాం, మా మనవళ్ళు కూడా అంటారు, కథ తెలియకపోయినా. గింజలు వచ్చాయో పోయాయో మీరే లెక్కేయండి.

ఆ మానిక ఇంకా బోర్లించే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట దాదాపు హిందువులకే, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, క్రైస్తవులైన మమ్మల్ని కలపలేదు. మతం మారిన ఎస్సీలకని పెట్టిన బీసీ-సి కింద మాకున్న రిజర్వేషను ఒక్క శాతం. కొందరు సర్టిఫికెట్‌లో హిందువు, గుడిలో క్రైస్తవుడు అన్నట్టు బతుకుతున్నారు, అది తప్పే, నేను సమర్థించను. కానీ లాభం కోసం మారారంటూనే, మారితే నష్టం కాబట్టి దాస్తున్నారని కూడా అంటే, రెండూ ఎలా కుదురుతాయి?

ఇక ప్రశ్నలకు వస్తాను. యేసు పుట్టనేలేదన్న మాట నాస్తిక చరిత్రకారుల్లో కూడా చాలామంది ఒప్పుకోరు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ మావాడు కాదు, మా మతాన్ని పాడు మూఢనమ్మకం అన్నవాడు. రోమన్ గవర్నరు పిలాతు చేతిలో క్రీస్తు మరణశిక్ష పొందాడని ఆయనే క్రీ.శ. 116 ప్రాంతంలో రాశాడు. లేవడం సంగతి బోర్డు మీద సిద్ధాంతంలాగా నిరూపించలేను. కానీ తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరం 55 ప్రాంతంలోది, సిలువ వేసి అప్పటికి పాతికేళ్ళకు మించలేదు. లేచినవాణ్ణి ఐదు వందల మందికి పైగా చూశారు, ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారు అని అందులో ఉంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది, నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. యాభై ఏళ్ళు కావస్తున్నా, అసలు రాని ఉప్పెనను వచ్చిందని ఎవరైనా అవనిగడ్డ వెళ్ళి చెప్పి నమ్మించగలరా? పైగా ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడవాళ్ళని సువార్తల్లో ఉంది, వాళ్ళ సాక్ష్యానికి విలువివ్వని కాలంలో. కథ అల్లేవాడు ఇంత తెలివితక్కువగా అల్లడు. వాళ్ళంతా భ్రమపడ్డారేమో అనొచ్చు, దాని మీద వాదించుకుందాం, నాకు అభ్యంతరం లేదు.

మా స్టాఫ్‌రూంలో ఒక హేతువాది ఉండేవారు, సైన్స్ మాస్టారు. ఇరవై ఏళ్ళు వాదించుకున్నాం. మా ఆవిడ పోయినప్పుడు అందరికంటే ముందు వచ్చింది ఆయనే, ఆ రోజు పల్లెత్తు మాట అనలేదు. నెల తర్వాత టీ తాగుతూ మెల్లిగా అడిగారు, ‘మాస్టారూ, ఇప్పుడైనా చెప్పండి, మీ దేవుడెక్కడున్నాడు?’ అని. నా దగ్గర జవాబు లేదన్నాను. ఎందుకు చేశాడో నాకు తెలియదు, కానీ నేను నమ్మినవాడు సిలువ మీద ‘నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి’ అని తనే అరిచినవాడు, ఆ ఒక్కటీ నాకు ఆసరా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోరు. నన్ను గొర్రె అని మాత్రం ఒక్కసారీ అనలేదు.

నమ్మకం పేరుతో నూనె సీసాలు అమ్మేవాళ్ళను, తెల్లారకముందే మైకు పెట్టేవాళ్ళను మీ పేజీలో ఎంత కడిగినా నేను చప్పట్లు కొడతాను, ఆ పని మేమే చేయాల్సింది. హేతువాదుల ఉత్తరాలూ ఆపకండి. ఆ బియ్యం మూట వాక్యం ఈసారి వస్తే మాత్రం ఆ ఒక్క లైనూ కొట్టేసి మిగతాది వేయండి. ఉత్తరం రాసినాయన ఇటువైపు వస్తే మీ ఆఫీసులో నా అడ్రసు తీసుకోమనండి, వెల్లంపల్లికి బండి మీద నేనే తీసుకెళ్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
అద్దంకి