రేటు తగ్గింది సరే, రికార్డులు ఎవరివి?

సంపాదకుడు గారికి,

రివర్స్ ఆక్షన్ (రేటు తగ్గించుకుంటూ పోయే వేలం) పెట్టి, ఆన్‌లైన్ పనిని ఏజెన్సీకి ఇచ్చి ఖర్చు బాగా తగ్గించామని అధికారులు చెప్పిన వార్త పోయిన వారం మీ జిల్లా పేజీలో చదివాను. రేటు సంగతే తప్ప, ఆ ఏజెన్సీ చేతికి పోయే మన వివరాల గురించి అందులో ఒక్క ముక్క లేదు.

మా పట్టణంలో పన్నుల ఆన్‌లైన్ పని చూసే ఏజెన్సీ మారగానే, ఇంటి పన్ను, నల్లా బిల్లు కట్టినవాళ్లకే మళ్లీ బకాయి నోటీసులొచ్చాయి. రసీదు పట్టుకుని పోతే కౌంటర్‌లో పిల్లగాడు కంప్యూటర్ మా వైపు తిప్పాడు. పాత సంవత్సరాల గడులన్నీ ఖాళీ. "పాత ఏజెన్సీ డేటా ఇయ్యలేదు సార్, రసీదు జిరాక్స్ ఇచ్చి పోండి" అన్నాడు. అతన్ని ఏమనగలం? నా వెనకాల నిలబడ్డ పెద్దమ్మ దగ్గర రసీదు లేదు. రెండోసారి కట్టి పోయింది.

రివర్స్ ఆక్షన్‌లో టెక్నికల్ బిడ్ (పని చేసే అర్హత ఉందో లేదో చూసే దశ) దాటినవాళ్లు స్క్రీన్ మీద ఒకరిని చూసి ఒకరు రేటు తగ్గిస్తారు, ఎల్-1కి, అంటే అందరికంటే తక్కువ రేటు వేసినవాడికి పని దక్కుతుంది. ప్రభుత్వ ఆఫీసుల కొనుగోళ్ల కోసం 2016లో వచ్చిన జెమ్ పోర్టల్‌లోనూ ఈ పద్ధతి ఉంది. కుర్చీలు, కాగితం కొనడానికి మంచిదే. కానీ జనం ఆధార్, ఫోన్ నంబర్లు, ఆస్తి లెక్కలు ఉండే పనికి షరతులన్నీ వేలం మొదలుకాకముందే బిగించాలి. డేటా ఆఫీసుదేనని, పాస్‌వర్డులు ఆఫీసు దగ్గరే ఉండాలని రాయాలి. ఒప్పందం గడువు ముగిసేలోగా ఏజెన్సీ ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకునేలా డేటా అంతా అప్పగించి, తన కాపీ చెరిపేసేదాకా ఆఖరి బిల్లు ఆపాలి. ఇవి లేకపోతే గిట్టని రేటుకు పని పట్టినవాడు పోయేటప్పుడు డేటాకు వేరే డబ్బు అడిగితే ఏం చేస్తారు?

పని ఏజెన్సీకి అప్పజెప్పినా బాధ్యత అప్పజెప్పినవారిదేనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది. ఇక్కడేమో అడిగితే ఆ సార్ ట్రాన్స్‌ఫర్ అయ్యారంటారు, కొత్త సార్‌కు ఫైలు తెలియదంటారు. వీధి దీపాలైనా, చెత్త బండ్లైనా ఇదే తంతు. ప్రారంభం రోజు ఫొటోలకు అందరూ ఉంటారు, చెడిపోయిన రోజు ఒక్కరూ దొరకరు. ఎవరూ అడగకముందే సమాచారం బయటపెట్టాలని 2005 సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ చెబుతున్నా, ఒప్పందం కాపీ చూపించేవాళ్లు లేరు.

వచ్చే టెండరుకు ముందే ఈ నిబంధనలను తెలుగులో నోటీసు బోర్డు మీద పెట్టాలి. రెండోసారి కట్టించుకున్న డబ్బును ఈ ఏడాది పన్నులోనే సర్దాలి.

- ఒక పన్ను చెల్లింపుదారు, వరంగల్ జిల్లా