బొబ్బట్టు ఉండే గాజు పెట్టె

మినియాపోలిస్,
నవంబర్ 16

నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని విని మనసు కుదుటపడింది.

"బల్లి కోసం రాత్రీ పగలూ బల్బు వెలిగిస్తే ఇల్లు అంటుకోదా?" అని మొన్న ఫోనులో అడిగారు. జీవితమంతా విద్యుత్ శాఖలో పనిచేసిన మీకు ముందు తట్టేది అదే. నాకూ ఆ బెంగ ఉంది కాబట్టే పెట్టె ముందు సిద్ధం చేసి, ఖాళీగా నడిపి, వేడి నిలకడగా ఉంటోందని నమ్మకం కుదిరాకే బల్లిని తెచ్చాం.

ముందు అమ్మకు చెప్పండి, ఇది మన గోడ మీది బల్లి కాదు. లెపర్డ్ గెకో అంటారు, ఒళ్లంతా చిరుత మచ్చలు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ రాతి నేలల్లో పుట్టిన జాతి. మాది మాత్రం ఇక్కడే పెంపకంలో పుట్టిన పిల్ల. వేళ్లకు గోళ్లే తప్ప అతుక్కునే మెత్తలు లేవు, గాజు గోడ ఎక్కలేదు. అమ్మ పంచాంగంలో బల్లిపాటు ఫలితం వెతకాల్సిన అవసరం రాదు. దీనికి కనురెప్పలు కూడా ఉన్నాయి, కళ్లు మూసుకుని నిద్రపోతుంది. చిన్నవాడు బొబ్బట్టు అని పేరు పెట్టాడు.

పెట్టె మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. పైన ఇనుప జాలీ మూత, నాలుగు వైపులా క్లిప్పులు. బల్బు జాలీకి బయటే ఉంటుంది, బల్లి ఒళ్లు దానికి తగిలే దారి లేదు. ఒక చివర బల్బు కింద నల్లరాతి పలక ఉంచాను. దాని పైభాగం 33 డిగ్రీల దగ్గర ఉండాలి, రెండో చివర 25. ఈ జీవికి ఒంట్లో సొంత వేడి పుట్టదు. తిన్నది అరగాలంటే వెచ్చటి రాతి మీద పడుకోవాలి, వేడెక్కువైతే చల్లటి వైపు పోవాలి. అందుకే రెండు వైపులా దాక్కునే గూళ్లు పెట్టాను. దాక్కునే చోటు ఒక్కటే ఉంటే, భయపడిన బల్లి వేడికి ఓర్చుకునైనా అక్కడే ఉండిపోతుంది. దుకాణాల్లో కరెంటుతో వేడెక్కే కృత్రిమ రాళ్లు అమ్ముతారు. వాటి మీద పడుకుని పొట్ట కాల్చుకున్న బల్లులున్నాయి, కాబట్టి వాటి జోలికి పోలేదు.

ఇక మీ ప్రశ్న. బల్బు నేరుగా గోడ ప్లగ్గుకు లేదు, మధ్యలో థర్మోస్టాట్ ఉంది, వేడిని బట్టి కాంతిని కొద్దికొద్దిగా తగ్గించి పెంచే రకం. దాని సెన్సార్ తీగ కొసను పలక మీద కదలకుండా బిగించాను. అసలు ప్రమాదం అక్కడే ఉంది నాన్నగారూ. ఆ కొస జారి చల్లటి మూలకు పోతే, పెట్టె ఇంకా చల్లగానే ఉందనుకుని థర్మోస్టాట్ బల్బును పూర్తిగా మండిస్తూనే ఉంటుంది. అందుకే రోజూ ఉదయం ముందు కొసను వేలితో కదిపి చూసి, తర్వాత చేతి థర్మామీటరుతో పలక వేడి కొలుస్తాను. రాత్రి బల్బు ఆరిపోతుంది, ఇంట్లో 20 డిగ్రీలుంటే దానికి చాలు. ప్లగ్గు దగ్గర తీగను కిందికి వంపు తిప్పి పైకి తెచ్చాను, నీటి బొట్టు జారినా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఇది మీరు నేర్పిందే.

రాళ్లు పేర్చడంలోనూ జాగ్రత్త ఉంది. ఇది తవ్వే జీవి. మట్టి మీద రాయి పెడితే కింద తవ్వుకుంటూ పోయి నలిగిపోతుంది. అందుకే బరువైనవన్నీ పెట్టె అడుగు మీదే ఆనించాను. పిల్ల కాబట్టి ఇసుక వేయలేదు, పురుగుతో పాటు మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది. ప్రస్తుతానికి కాగితం పరిచాం.

మూత ఉన్న డబ్బాకు పక్కన రంధ్రం చేసి, అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్ది, తడి నాచు నింపాను. కుబుసం విడవడానికి ఆ తేమ కావాలి. మొన్న చూశాను: ఒళ్లు తెల్లగా పాలిపోయింది, ముక్కును రాతికి రుద్దుకుంది, తల మీంచి బనియను విప్పుకున్నట్టు చర్మం లాగేసి, దాన్నే తినేసింది! కాలివేళ్ల చివర ముక్క మిగిలితే అది బిగుసుకుని రక్తం ఆడక వేలు రాలిపోతుంది. అందుకని ఆ రోజు భూతద్దంతో ప్రతి వేలూ చూశాం.

తిండి కీచురాళ్లు, కాల్షియం పొడి అద్ది వేస్తాం. తినకుండా వదిలినవి తీసేయాలి, లేకపోతే రాత్రి అవే బల్లిని కొరుకుతాయి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగందే చిన్నవాడిని వంటింట్లోకి రానివ్వను. బల్లుల నుంచి సాల్మొనెల్లా అనే కడుపు జబ్బు తెచ్చే బాక్టీరియా అంటుతుంది. దాని గిన్నెలు వంటింటి సింకులో కడగం.

ఇంకో మాట. 2022లో మన విశాఖ వైపు తూర్పు కనుమల చిరుత బల్లిని శాస్త్రవేత్తలు కొత్త జాతిగా గుర్తించి యూబ్లెఫారిస్ పిక్టస్ అని పేరు పెట్టారు. బొబ్బట్టుకు దగ్గరి బంధువు. విషమున్నదని భయపడి ఈ బల్లులను చంపేస్తుంటారు. దానికి విషం లేదు. కొండ పక్క ఊళ్లలో మీ మాటకు విలువ ఉంది, ఎవరికైనా కనబడితే చంపవద్దని, పట్టుకోవద్దని చెప్పండి.

నాకు తేలనిది ఒకటే. జనవరిలో ఇక్కడ బయట సున్నాకు 20 డిగ్రీలు దిగువకు పోతుంది. మంచు తుపానుకు కరెంటు పోతే, గాలికి కొంచెం సందు వదిలి పెట్టెకు దుప్పట్లు కప్పుతాను, కరెంటు వచ్చేదాకా తిండి పెట్టను. అది కొన్ని గంటలకు సరిపోతుంది. అంతకు మించితే? బల్బు 50 వాట్లు. రాత్రంతా దాన్ని నడపాలంటే ఎంత బ్యాటరీ కావాలో లెక్క వేసి రాయండి, మీ జవాబు వచ్చాకే కొంటాను.

అమ్మకు నమస్కారాలు.

మీ అమ్మాయి